డబల్ రొట్టె నుంచి పావుదాకా

భివండీ బేకరీల చరిత్ర రాస్తానంటే మా పద్మనగర్ పెద్దలు నవ్వారు. సాంచాలకు చరిత్ర ఉంటుంది గాని పావుకేముంటుందని వాళ్ళ ఉద్దేశం. నాకు మాత్రం ఈ రెంటినీ విడదీసి చెప్పడం చేతకాదు.

తెలంగాణలో మనవాళ్ళకు రొట్టె అంటే జొన్నరొట్టె. బేకరీ సరుకు పేరు డబల్ రొట్టె. జ్వరమొచ్చినవాళ్ళకు పాలలో ముంచి పెట్టేవారు. మగ్గం ఇంట్లోనే. ఆకలైతే నేతగాడు గుంటలోంచి లేచి ఇంత గట్క తిని మళ్ళీ కూర్చునేవాడు. పనివేళ అతని చేతిలో ఉండేది. భివండీకొచ్చాక పన్నెండు గంటల షిఫ్టు, గుడ్డ కొలతను బట్టి కూలి. సాంచె ఆగితే కూలి ఆగినట్టే. ఒంటరిగా వచ్చినవాళ్ళకు రెండు పూటలా బిస్సీలో భోజనం. నడిరాత్రి, తెల్లవారుజామున వేసే ఆకలికి మాత్రం ఛాయ్, పావు, ఖారీ.

పావు పోర్చుగీసు మాట. వాళ్ళ భాషలో అర్థం రొట్టె అనే. నాలుగో వంతు విరుస్తారు కనకనో, కాళ్ళతో పిండి తొక్కుతారు కనకనో ఆ పేరొచ్చిందనేవి కట్టుకథలు. గోవాలో ఈస్టు దొరకక పిండి పొంగడానికి కల్లు కలిపారు. నల్లగొండ మనిషికి ఇంతకంటే చుట్టరికం ఏం కావాలి! గోవా క్రైస్తవులు ఆ విద్యను బొంబాయికి తెచ్చారు. తరవాత యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి వచ్చిన ఇరానీలు మస్కా, ఛాయ్, పాలరాతి బల్లలు చేర్చి హోటళ్ళు పెట్టారు. ధోబీ తలావ్ దగ్గరి కయానీ 1904 నాటిది. ఆ హోటళ్ళలో కులం అడిగేవారు కారు. మన ఊళ్ళలో రెండు గ్లాసులు వేరువేరుగా పెట్టిన కాలాన్ని తలచుకుంటే ఇది చిన్న సంగతి కాదు.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. పని భివండీ వంటి సాంచాల ఊళ్ళకు మళ్ళింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసేచోట క్యాంటీనుకు వీలు కల్పించింది. పదీ ఇరవై మంది పనిచేసే రేకుల షెడ్డుకు ఆ చట్టం ఎక్కడ అందుతుంది? మిల్లు మూతపడి సాంచె పెరిగినప్పుడు కూలివాడు పోగొట్టుకున్నవాటిలో అన్నం గది కూడా ఉందని ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చింది వీధి చివరి బేకరీ, అదీ కూలివాడి జేబులోంచే.

ఇప్పుడు ఊళ్ళో పెళ్ళికి పోతే మా పిల్లలు పొద్దున్నే పావు అడుగుతారు. మా అత్తమ్మ “జరమొచ్చిందా బిడ్డా?” అని నొసలు పట్టి చూస్తుంది.