ఆటపెద్ద ధర్మము



బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుండి మాటలతోనే నడపు ఆట యొకటి కలదు. ఒకడు దొంగ పాత్రను, ఒకడు వైద్యుని పాత్రను, మఱియొకతె విలుకత్తె పాత్రను పూనుదురు. రంగస్థలము లేదు, వేషభూషలు లేవు. వారిలో ఒక్కడు మాత్రము తనకంటూ పాత్ర నుంచుకొనడు. అతడు, "మీ యెదుట పాడుపడిన కోట యున్నది. చీకటి పడుచున్నది. తలుపు సగము తెఱచియున్నది. ఏమి చేయుదురు?" అని యడుగును. తక్కినవారు తమ తమ పాత్రలకు తగినట్లు బదులు చెప్పుదురు. దాని ఫలమేమో అతడు తేల్చి చెప్పును. కార్యము నెఱవేఱునో లేదో సందేహమైన చోట పాచికలు వేయుదురు. ఈ యాటలో ఒకరు గెలుచుటయు మఱియొకరు ఓడుటయు లేదు. వారమునకొక పూట చొప్పున నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, ఒకే కథ సాగుచుండును. అట్టి దీర్ఘక్రీడను ఆంగ్లమున క్యాంపేను అందురు. దానిని నడపువానిని గేమ్ మాస్టర్ అందురు. నేను వానిని ఆటపెద్ద యని పిలిచెదను.

ఇది పడుచువారి యాట గదా, మాకేల యని మీరడుగవచ్చును. ఆట పడుచువారిదే, కాని ఆటపెద్ద కూర్చుండు పీఠము మీరెఱుగనిది కాదు. గట్టు తగవు వచ్చినపుడును, నీటి వంతు తగవు వచ్చినపుడును రచ్చబండపై ఇరుపక్షముల మాటయు విని నిర్ణయము చెప్పు పెద్దమనిషి యెట్టివాడో, ఆటపెద్దయు అట్టివాడే. అతని చేతిలో దండము లేదు. అతని మాట చెల్లుటకు అతనియందలి నమ్మకమే ఆధారము. ఆ నమ్మకము ఎట్లు కలుగును? ఎట్లు చెడును? ఆటలోనికి తీర్పరి వచ్చిన చరిత్రను పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును. ఆ చరిత్రకు రెండువందల యేండ్లు గడచినవి.

మన దేశమున పుట్టిన చదరంగమునుండి ఈ కథ నారంభింపవలెను. చదరంగమునకు తీర్పరి యక్కఱలేదు. బలము లన్నియు ఇరువురికిని కనబడుచుండును. ఏనుగు నడక యేనుగుదే, గుఱ్ఱపు నడక గుఱ్ఱముదే. ఈ యాట పారశీకుల వలనను, అరబ్బుల వలనను ఐరోపాకు చేరెను. 1780వ సంవత్సరమున జర్మనీలోని బ్రన్స్విక్ పట్టణమున హెల్విగ్ అను గణితాధ్యాపకుడు చదరంగమును నిజమైన యుద్ధమునకు దగ్గఱగా తేవలెనని తలచి, పదునాఱువందలకు పైగా గడులుగల పలక నొకదానిని కల్పించెను. గడుల రంగును బట్టి ఇది కొండ, ఇది నీరు, ఇది చిత్తడి నేల యని తెలియుచుండెను. అయినను అతని సైన్యములు గడులలోనే నడచుచుండెను. నిజమైన రణభూమిలో గడులు లేవు. శత్రువు కొండవెనుక నున్నాడో లేదో సేనానికి తెలియదు.

ఈ లోపమును తీర్చినవారు ప్రష్యా దేశమునకు చెందిన రైస్విట్జ్ అను తండ్రికొడుకులు. 1812లో తండ్రి పెద్ద బల్ల యొకటి చేయించి, కొండలను, నదులను, ఊళ్లను చూపు పలకలను దానిపై పేర్చు ఏర్పాటు చేసి, తమ రాజునకు సమర్పించెను. కుమారుడు ఫిరంగిదళమున లెఫ్టినెంటు. అతడు గడులను పూర్తిగా విడిచి, నిజమైన పటముపై ఆడు విధానమును నిర్ణయించి, 1824లో నియమగ్రంథమును ప్రకటించెను. ఆటలోని ఒక్కొక్క వంతు యుద్ధమున రెండు నిమిషముల కాలమునకు సమానము. ఫిరంగి దెబ్బకు ఎందఱు పడిరో పాచికలును పట్టికలును తెలుపును. ప్రష్యా ముఖ్యసేనాకార్యాలయమునకు అధిపతియైన మ్యూఫ్లింగ్ దొర ఈ యాటను చూచి సంతసించి, సైన్యమున కంతటికిని సిఫారసు చేసెను. ఆ లెఫ్టినెంటు మాత్రము తన కీర్తిని చిరకాలము అనుభవింపలేదు. 1827లో అతడు ఆత్మహత్య చేసికొనెను.

అతని గ్రంథమునందు పాచికలకంటెను పట్టికలకంటెను గొప్ప సంగతి యొకటి కలదు. ఇరుపక్షముల నడుమ మూడవవాడొకడు కూర్చుండును. ఆటగాండ్రు తమ యాజ్ఞలను కాగితముపై వ్రాసి అతని కిత్తురు. ఏ దళము ఎవరికి కనబడునో అతడే నిర్ణయించి, కనబడుదానినే పటముపై ఉంచును. ఉభయుల రహస్యములును అతనికి తెలియును. కాని యే రహస్యమును అతడు ఒకరి చెవినుండి మఱియొకరి చెవిని వేయరాదు. ఆటపెద్ద జన్మించిన తావు ఇదియే యని నా యభిప్రాయము. అన్నియు తెలిసియు, తెలిసినదానితో ఎవరికిని మేలుగాని కీడుగాని చేయకుండుట అతని మొదటి ధర్మమయ్యెను.

కాలక్రమమున నియమములు పెరిగినవి. పట్టికలు బరువెక్కినవి. గంటసేపు జరుగవలసిన పోరును లెక్కించుటకు పూట పట్టుచుండెను. 1873లో మెకెల్ అను జర్మను అధికారి ఈ బరువును విమర్శించెను. 1876లో వెర్డీ దు వెర్నువా అను మఱియొక అధికారి ఇంకను ముందునకు పోయి, పట్టికలును పాచికలును లేకయే, యుద్ధమున అనుభవముగల తీర్పరి తన వివేకముతోనే ఫలము చెప్పవచ్చునని వాదించెను. దీనికి స్వేచ్ఛాయుద్ధక్రీడ యని పేరు వచ్చెను. ఆట చుఱుకైనది. కాని వెంటనే మఱియొక చిక్కు పుట్టెను. గ్రంథము తప్పు చెప్పినచో గ్రంథమును దిద్దవచ్చును. తీర్పరియే పక్షపాతియైనచో దిద్దువారెవరు?

ఈ ప్రశ్నకు వెల యెంతయో చూపు సంగతి యొకటి జపాను దేశమున జరిగెను. జర్మనులవలెనే జపాను సేనాధిపతులును తమ వ్యూహములను ముందు బల్లపై ఆడి చూచుకొనుచుండిరి. 1942వ సంవత్సరము మే నెల మొదట వారి నౌకాధికారులు 'యమాటో' అను యుద్ధనౌకపై సమావేశమై, మిడ్వే ద్వీపముపై తాము చేయబోవు దాడిని ఆడి చూచిరి. ఆనాటి అధికారులు యుద్ధానంతరము వ్రాసిన గ్రంథమును బట్టి అచట జరిగినది ఇది: తీర్పరి పాచికలు వేసి, శత్రువిమానముల బాంబులు తొమ్మిది తగిలినవనియు, 'అకాగి', 'కగా' అను రెండు విమానవాహక నౌకలు మునిగినవనియు తేల్చెను. అధ్యక్షుడైన ఉగాకి అను అడ్మిరలు అడ్డుపడి తొమ్మిదిని మూడుగా దిద్దెను. ఆ దిద్దుబాటుతో 'అకాగి' స్వల్పనష్టముతో బయటపడెను. మునిగిన 'కగా'యును తరువాతి ఘట్టమున మరల తేలి యుద్ధమునకు సిద్ధమయ్యెను.

జూన్ 4వ తేదీన నిజమైన యుద్ధము జరిగెను. ఆ రెండు నౌకలును, వానితోపాటు మఱి రెండు విమానవాహక నౌకలును అమెరికా విమానముల దెబ్బకు నాశమయ్యెను. ఉగాకి చేసిన దిద్దుబాటు సహేతుకమే యని చెప్పు చరిత్రకారులును కలరు. ద్వీపమునుండి లేచివచ్చిన విమానముల బాంబు ఒక్కటియు ఆ నాలుగు నౌకలకు నిజముగ తగులలేదని, నౌకలపైనుండి వచ్చిన విమానములే వానిని ముంచెనని వారందురు. తొమ్మిదిని మూడుగా తగ్గించుటను గూర్చి నేను వాదింపను. తీర్పరి నోట వచ్చిన మాటను, అది తన కిష్టము కాలేదు గనుక, పైవాడు మార్చివేయుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఆ గదిలోని చిన్న యధికారులు అది చూచి నేర్చిన దేమి? ఇచట అశుభము పలుకరాదని గదా! వినగోరిన మాటనే వినిపించు తీర్పరి యున్నచోట బల్లపై గెలిచిన యుద్ధము సముద్రముపై గెలువబడదు.

ఈ యాట యుద్ధమును విడిచి కథలోనికి ప్రవేశించినది అమెరికాలో. అచటి సైన్యమున అధికారియైన టాటెన్ 1880లో 'స్ట్రాటెగోస్' అను యుద్ధక్రీడాగ్రంథమును ప్రకటించెను. ఎనుబది యేండ్లకు పైగా గడచిన పిమ్మట డేవిడ్ వెస్లీ అను యువకుడు మిన్నెసోటా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున దానిని చూచెను. ఆటగాడు ఏ పనికైనను పూనుకొనవచ్చును, దాని ఫలమును తీర్పరి నిర్ణయించును అను భావము అతని కచట దొరకెను. 1969లో అతడు 'బ్రౌన్‌స్టైన్' అను కల్పితమైన జర్మను పట్టణమును ఆటస్థలముగా చేసి, సేనానులతోపాటు పట్టణాధ్యక్షుడు మొదలగు పౌరుల పాత్రలను గూడ మిత్రులకు పంచిపెట్టెను. యుద్ధము జరుగునని అతని యూహ. యుద్ధము జరుగలేదు. ఆటగాండ్రు ఒకరితో నొకరు రహస్యముగా మాటలాడుకొనిరి, బేరములాడిరి. ఇద్దఱు ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడిరి. దానికి నియమమే లేదు. వెస్లీ అప్పటికప్పుడు నిర్ణయము కల్పించి చెప్పవలసివచ్చెను. తన యాట పాడైనదని అతడు విచారించెను. మిత్రులు మాత్రము మరల ఎప్పుడని యడిగిరి.

ఆ మిత్రులలో నొకడైన డేవ్ ఆర్నెసన్ 1971లో 'బ్లాక్‌మూర్' అను కోటను, దానిక్రింది సొరంగములను కల్పించి, ఒకే పాత్రలు వారము వారమును మరల వచ్చి, అనుభవముతో ఎదుగునట్లు ఆట నడపెను. 1972 చివర అతడు దానిని విస్కాన్సిన్ రాష్ట్రమున నుండు గ్యారీ గైగాక్స్ అను మిత్రునకు ఆడి చూపెను. ఇరువురును కలిసి రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను మూడు చిన్నపుస్తకముల పెట్టె 1974లో వెలువడెను. తొలుత అచ్చువేసినవి వేయి ప్రతులు. అది నేడు దేశదేశములకు వ్యాపించినది. మన పిల్లలును ఆడుచున్నారు. ఆ మొదటి పుస్తకములలో ఆటపెద్దకు 'రెఫరీ' యను పేరే యుండెను. అనగా తీర్పరి. రైస్విట్జ్ బల్లవద్ద కూర్చున్న మూడవవాడే యితడు.

ఈ చరిత్రనుండి ఆటపెద్ద గ్రహింపవలసిన ధర్మములను నాకు తోచినంతవఱకు చెప్పెదను.

రైస్విట్జ్ నేర్పిన పాఠము మొదటిది. ఆటగాండ్రు నీ యెదుటనే కూర్చుండి, వంతెన క్రింద పొంచియుండి దోపిడిదండును పట్టుకొందమని ఆలోచింతురు. ఆ దోపిడిదండును ఆడించువాడవు నీవే. నీవు వింటివి; దండు వినలేదు. కావున దండు వంతెనమీదికే రావలెను. ఒక్కసారి నీవు విన్నదానిని దండునకు తెలిపితివా, ఆటగాండ్రు నీ యెదుట ఆలోచించుట మానుదురు. అట్లే వారి పాత్రల కన్నులకు కనబడు అపాయమును దాచవద్దు. లోతు తెలియక ఏటిలో దిగినవాడు సాహసి కాడు. లోతు చెప్పనివానిదే తప్పు.

వెర్డీ నేర్పిన పాఠము రెండవది. నియమమునుగూర్చి వివాదము వచ్చినచో పుస్తకము తిరుగవేయుచు నలుగురిని కూర్చుండబెట్టవద్దు. ఉభయుల వాదమును క్లుప్తముగా విని, న్యాయమని తోచినది చెప్పి, ఆట సాగింపుము; పుస్తకము పిదప చూడుము. ఆ తీర్పును మాత్రము వ్రాసి యుంచుకొనుము. అట్టి సందర్భమే మరల వచ్చినపుడు అదే తీర్పు రావలెను. నిన్న వైద్యుని కొక న్యాయము, నేడు దొంగ కొక న్యాయము అయినచో తీర్పు సరియైనదైనను నమ్మకము చెడును.

మిడ్వే నేర్పిన పాఠము మూడవది. పాచిక వేసిన పిమ్మట దాని మాటను త్రోయరాదు. ఏ ఫలము వచ్చినచో కథ చెడునని నీకు భయమో, అచట పాచిక వేయనే వేయవద్దు, నోటితోనే నిర్ణయింపుము. ప్రియమైన పాత్ర మరణించినపుడు బల్లవద్ద దుఃఖము కలుగును. అది సహజము. ఆ దుఃఖమునకు జడిసి పాచికను తిప్పివేసినచో తరువాతి విజయములకు గూడ వెల యుండదు.

వెస్లీ నేర్పిన పాఠము నాలుగవది. నీవు తలచిన కథ జరుగకపోవుట నీ యోటమి కాదు. ఊరిని, ఊరిలోని మనుష్యులను, వారి కోరికలను, వారి వైరములను సిద్ధముచేసికొనుము. ముగింపును సిద్ధము చేయవద్దు. ముగింపు ఆటగాండ్ర సొత్తు.

ఇక చిన్న సంగతులు. దీర్ఘక్రీడ ప్రారంభమునకు ముందే ఎట్టి కథ కావలెనో, ఏ విషయములు బల్లపైకి రాగూడదో అందఱిని అడిగి తెలిసికొనుము. పెద్దగొంతువాడు నాలుగుమాఱులు మాటలాడునపుడు మెత్తనివానిని పేరుపెట్టి ఒక్కమాఱైనను అడుగుము. జరిగినదానిని ప్రతివారమును నాలుగు పంక్తులలో వ్రాసికొనుము. అలసియున్న పూట ఆట వాయిదా వేయుము. అలసినవాని తీర్పు పలుచనైనది.

అయ్యలారా, అమ్మలారా, మీ యింటి పిల్లవాడెవడైన పాచికలు ముందుంచుకొని ఇట్టి యాట నడపుచుండగా చూచినచో, పొద్దు పుచ్చుచున్నాడని త్రోసివేయకుడు. ఒకపూట ప్రక్కన కూర్చుండి వినుడు. తగవు తీర్చుటలో మీకు తెలిసిన మెలకువలు వానికి పనికివచ్చును. ఆటపెద్ద పనికి పరీక్ష యొక్కటే: వాని తీర్పువలన నేడు నష్టపడినవాడు వచ్చు వారము పిలువకయే వచ్చి, తన చోట తాను కూర్చుండవలెను.