ముద్దమందారాన్ని ఎవరు సృష్టించారు?

"పువ్వుని చూసైనా దేవుణ్ణి నమ్మండి" అని ఆస్తికులు నాతో తరచుగా అంటుంటారు. సూరత్ దగ్గర హజీరాలో నేను ఉంటున్న ఫ్యాక్టరీ కాలనీలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళ ముందు మందారం చెట్లు ఉంటాయి. రేకమందారం కంటే ముద్దమందారమంటేనే అందరికీ మోజు. పూజకి అదే కావాలి. ఇంత అందమైన పువ్వు దానంతట అదే ఎలా వస్తుందని వాళ్ళ ప్రశ్న. ప్రశ్న మంచిదే. సైన్సు దగ్గర దానికి సమాధానం ఉంది.

ముందు రెండు పువ్వుల్నీ పక్కపక్కన పెట్టి విప్పి చూడండి. రేకమందారంలో ఐదు రేకులు, మధ్యలో పొడవాటి గొట్టం, దాని మీద పుప్పొడి నిండిన కేసరాలు ఉంటాయి. ముద్దమందారంలో ఆ కేసరాలే చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. కొన్ని రేకుల అంచున పుప్పొడి తిత్తి ఇంకా అతుక్కునే కనిపిస్తుంది. అంటే మనం మెచ్చుకునేది సంతానోత్పత్తి అవయవాలు దారితప్పిన పువ్వుని. ఇలాంటి పువ్వులు చాలావరకు గింజ కట్టలేవు. కొమ్మ నాటో, అంటు కట్టో వాటిని బతికించింది మనిషే.

ముద్దపువ్వులు కొత్తవేమీ కావు. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రెండు వేల మూడు వందల ఏళ్ళ క్రితమే నూరు రేకుల గులాబీల గురించి రాశాడు. చిక్కు వచ్చింది 18వ శతాబ్దంలో. ఇప్పుడు కొత్త జాతులు పుట్టవని 1735లో రాసిన స్వీడన్ శాస్త్రవేత్త లినీయస్‌కి ఒక వింత మొక్క చేరింది. మిగతా అంతా మామూలు టోడ్‌ఫ్లాక్స్ మొక్కే. కానీ పువ్వుకి ఒక తోక ఉండాల్సిన చోట ఐదు ఉన్నాయి. 1744లో దాని మీద వచ్చిన రచనలో ఆయన దానికి 'పెలోరియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో వికృతాకారం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరది. ముద్దపువ్వుల్ని కూడా ఆయన వికృతాలుగానే లెక్కగట్టాడు. మన మందారానికి 1753లో శాస్త్రీయ నామం పెట్టినవాడూ ఈయనే.

జర్మన్ కవి గేటే ఆ వికృతాలనే సాక్ష్యంగా తీసుకున్నాడు. కేసరం రేకుగా మారగలిగితే రెండింటి మూలం ఒకటే అయి ఉండాలి కదా! పువ్వులోని భాగాలన్నీ ఆకు లాంటి ఒకే అవయవానికి వేర్వేరు రూపాలని 1790లో రాశాడు. ఎందుకు మారుతుందో చెప్పడానికి ఆయన కాలంలో జన్యుశాస్త్రం లేదు.

ఆ సంగతి తేలడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. 1991లో ఎన్రికో కోయెన్, ఇలియట్ మేయరోవిట్జ్ స్నాప్‌డ్రాగన్ పూలలో, అరాబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు కలుపుమొక్కలో కనిపించిన వికృతాలని పోల్చి ఒక సూత్రం చెప్పారు. పువ్వులో నాలుగు వలయాలు. వాటిని నడిపేవి మూడు రకాల జన్యువులు. 'ఎ' ఒక్కటే పనిచేస్తే రక్షక పత్రాలు, 'ఎ', 'బి' కలిస్తే రేకులు, 'బి', 'సి' కలిస్తే కేసరాలు, 'సి' ఒక్కటే ఉంటే అండకోశం వస్తాయి. 'సి' పాడైతే? 'ఎ' లోపలికి వచ్చేస్తుంది, కేసరాల చోట రేకులు పుడతాయి. పువ్వు ఎదుగుదలని ఆపే పని కూడా 'సి'దే కాబట్టి, మధ్యలో పువ్వులో పువ్వు మొదలవుతుంది. మూడూ పోతే మిగిలేవి ఆకుల్లాంటివే. గేటే ఊహ ఇలా నిజమయ్యింది. ఆకులు పువ్వు కావాలంటే ఇంకో రకం జన్యువులు కూడా అవసరమని 2000 తర్వాత తెలిసింది.

తోటల్లోని గులాబీలలో ఏం జరిగిందో 2010లో ఒక పరిశోధన చూపించింది. వాటిలో 'సి' జన్యువు పనిచేసే ప్రాంతం పువ్వు మధ్యకి కుంచించుకుపోయింది. ఖాళీ అయిన చోట రేకులు వచ్చాయి. చైనా తోటమాలులూ, మధ్యధరా ప్రాంతపు తోటమాలులూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఇదే రకం మార్పుని ఏరుకున్నారు. మార్పు దానంతట అది వచ్చింది, ఏరుకున్నది మనిషి. ఇందులో దేవుడి పాత్ర ఎక్కడ?

లినీయస్ మొక్క రహస్యం 1999లో బయటపడింది. పువ్వు ఆకారాన్ని నిర్ణయించే ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు పడి అది పనిచేయడం మానేసింది. జన్యువులోని అక్షరాలు మాత్రం మారలేదు.

ఇదంతా తెలిసినా, 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. సీబీఎస్ఈ స్కూళ్ళలో చదివేవాళ్ళలో చాలామంది పదో తరగతి తర్వాత జీవశాస్త్రం తీసుకోరు. వంశపారంపర్యం పాఠం ఉంది కదా అంటారు. మార్పు ఎలా నిలుస్తుందో, ఎవరు ఏరుకుంటే నిలుస్తుందో చెప్పకుండా ఆ పాఠం సగమే. ముద్దమందారం ఎలా వచ్చిందని పిల్లలు అడిగితే, 'దేవుడు' అనే ఒక్క సమాధానమే వాళ్ళకి మిగిలేలా చెయ్యకూడదు.