పొలిమేర రాయి దగ్గర పిల్లలకు నేర్పవలసిన మాట



ధ్యాన భాగం: ద్వితీయోపదేశకాండము 2:10-12; 26:1-11

కెనడాలో ఈ రోజుల్లో బడిలోనూ చర్చిలోనూ కూడిక మొదలయ్యే ముందు ఒక మాట చదువుతారు. మనం నిలబడిన ఈ నేల ఫలానా ఆదివాసులది అని ఒప్పుకునే మాట అది. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి, సొంత భాష నుంచి వేరుచేసిన రెసిడెన్షియల్ స్కూళ్ళ సంగతిపై అక్కడి కమిషన్ 2015లో నివేదిక ఇచ్చాక ఈ అలవాటు బాగా వ్యాపించింది. ఆ స్కూళ్ళలో చాలావాటిని నడిపింది చర్చీలే. ఇది మనకు దూరపు సంగతి కాదు. 1874లో కాకినాడ చేరిన జాన్ మెక్లారిన్ మొదలుకొని, మన ఉత్తరాంధ్రకు సువార్త తెచ్చిన కెనడా బాప్టిస్టులు ఆ దేశం వారే.

అయితే ఆ మాట బట్టీపట్టి అప్పజెప్పే పాఠమైపోయిందని అక్కడే చాలామంది నొచ్చుకుంటున్నారు. మన పిల్లలకు ఇలాంటిది నేర్పితే నిజాయితీగా ఎలా నేర్పాలి?

ముందు వాక్యం చూద్దాం. ఇశ్రాయేలీయులు మోయాబు పొలిమేర దాటుతుంటే మోషే ఆగి, ఇక్కడ మునుపు ఏమీయులు ఉండేవారు, శేయీరులో హోరీయులు ఉండేవారు అని చెబుతాడు. పాత కాపురస్తుల పేర్లను దేవుని గ్రంథం చెరిపివేయలేదు. అబ్రాహాము వాగ్దానం పొందినవాడే. అయినా శారాను పాతిపెట్టడానికి హేతు కుమారుల ముందు తాను పరదేశినని ఒప్పుకొని, నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చాడు.

ఇప్పుడు మన సంగతి. ఆంధ్రుల పేరు కనబడే అతి పాత గ్రంథాల్లో ఐతరేయ బ్రాహ్మణం ఒకటి. అందులో ఆంధ్రుల పక్కనే శబరుల పేరూ ఉంది. అంటే మన ఇరుగుపొరుగు చాలా పాతది. ఆ పొరుగువారి నేలకు ఏమైంది? కొండమీది సవర, జాతాపు కుటుంబాలకు పల్లపు షావుకారు కష్టకాలంలో గింజలు, డబ్బు అప్పిచ్చేవాడు. వడ్డీ పెరిగేది, చింతచెట్టు పోయేది, ఆ తర్వాత పొలమూ పోయేది. ఇది ఎంత ముదిరిందంటే, 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీని అదుపు చేస్తూ చట్టం తెచ్చింది. 1959లో మరో నిబంధన వచ్చింది. అయినా ఆగలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళంలో ఎంత రక్తం పారిందో పెద్దలకు తెలుసు. 1970 సవరణ ఒక ముఖ్యమైన మాట చేర్చింది: ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి, కాదని రుజువు చేసేవరకు, గిరిజనుని నుంచి వచ్చిందనే భావించాలి. ఒప్పుకోలును చట్టమే రాసిపెట్టింది.

సండే స్కూల్ ఉపాధ్యాయులారా, పిల్లల చేత రాయించేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది, నిజమే రాయించండి. చీపురుపల్లి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. కెనడా మాటను తెచ్చి ఇక్కడ అతికించవద్దు. కానీ తోటపల్లి కాలువలో పారే నాగావళి కొండల్లో నుంచే దిగుతుంది. మన ఇంట్లో చింతపండు, కొండచీపుర్లు అక్కడివే. మన ఊరి పేరులోనే చీపురు ఉంది, అది ఎవరు కోస్తే వచ్చిందో పిల్లలను అడగండి.

రెండవది, పేరు సరిగా రాయించండి. మనం సవరలంటాం, వారు తమను సొర అని చెప్పుకుంటారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు ముందు వారి భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు బడి పెట్టారు, పుస్తకాలు రాశారు. మన్యం జ్వరానికి వాడిన మందువల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన గౌరవం అలాంటిది.

మూడవది, క్రియాపదం చూడండి. “భూములు చేజారాయి” అని రాస్తే చేసినవాడు దాక్కుంటాడు. “అప్పు కింద రాయించుకున్నారు” అని రాయాలి. “మన నేల” అని రాసిన పిల్లవాణ్ణి, ఆ “మన”లో నీ పక్కన కూర్చున్న జాతాపు స్నేహితుడు ఉన్నాడా అని ప్రేమగా అడగండి.

చివరిది, గంప. ద్వితీయోపదేశకాండము 26లో భక్తుడు తన పితరుడు దిక్కులేక తిరిగిన అరామీయుడని ఒప్పుకుంటాడు, కానీ వట్టి చేతులతో కాదు. ప్రథమ ఫలాల గంప పట్టుకొని వస్తాడు. ఆ పంటలో పరదేశికీ పాలు ఉంది. జక్కయ్య కూడా మాటతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఏజెన్సీలో బంధువుల పేరుతోనో, పాలేరు పేరుతోనో భూమి ఉంచుకున్న విశ్వాసి ఎవరైనా ఉంటే, పిల్లలు ఆ కాగితం చదివే ఆదివారం అతనికి కూర్చోవడం కష్టమే. ఆ కష్టం మంచిదే. అహాబు నాబోతు ద్రాక్షతోటలో దిగిన రోజున అతని దగ్గరకు ఏలీయా వచ్చాడు. మన దగ్గరకు మన పిల్లలే రావచ్చు.

ప్రార్థన: ప్రభువా, భూమి నీది, మేము నీ యొద్ద పరవాసులం. పొరుగువాని పొలిమేర రాయిని మేము జరిపి ఉంటే చూపించు. తిరిగి నిలబెట్టే ధైర్యం ఇయ్యి. మా పిల్లల నోట సత్యం ఉంచు. యేసు నామంలో, ఆమేన్.