బోరు కలవని తూటా

నకరికల్లు నుంచి కారెంపూడి ఎంతో దూరం లేదు. ఏటా కార్తీక అమావాస్యకు అక్కడి వీర్ల గుడి దగ్గర పల్నాటి వీరుల ఆయుధాలైన కొణతాలకు పూజలు జరుగుతాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధాన్ని తలచుకుంటూ జనం వాటికి మొక్కుతారు. కత్తి ఎంత పాతదైనా కత్తే, సానపెడితే తెగుతుంది. తుపాకీ సంగతి వేరు. దాని బోరుకు, అంటే గొట్టం లోపలి లావుకు, సరిపోయే తూటా దొరకని రోజున అది ఇనుప కడ్డీతో సమానం. తెల్లదొరలు ఈ సంగతి బాగా ఎరిగినవాళ్లు. ఈ దేశాన్ని నిరాయుధంగా ఉంచడానికి వాళ్లు తుపాకీ మీద ఎంత కన్నేశారో, తూటా లావు మీద అంతకంటే ఎక్కువ కన్నేశారు.

1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనిదే తుపాకీ ఉండకూడదన్నారు. అయినా వాళ్లకు ధైర్యం చాలలేదు. కారణం తూటా నిర్మాణంలోనే ఉంది. పేలిన తూటాలో గుండు పోతుంది, మందు కాలిపోతుంది. ఇత్తడి గుల్ల మాత్రం మిగులుతుంది. పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీలో తయారైన పాత త్రీనాట్‌త్రీ (.303 బోరు) గుల్లను తిరగేసి చూస్తే అడుగున కె, ఎఫ్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, తయారైన సంవత్సరం, నడుమ గుండ్రటి ప్రైమర్, దాని మీద సూది పొడిచిన సొట్ట కనబడతాయి. పనితనం తెలిసినవాడు ఆ గుల్లను మళ్లీ నింపుకోగలడు. అరుదైన బోరు పాత పిస్తోళ్లను విదేశాల్లో దాచుకునేవాళ్లు ఇప్పటికీ ఇలాగే వాటికి ప్రాణం పోస్తుంటారు. బ్రిటిష్ సైన్యానికి భయం పుట్టించింది సరిగ్గా ఈ విద్యే.

1898లో లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ ఏనుగుల వేటకు .450 బోరు రైఫిల్ తెచ్చింది. అప్పటికే సరిహద్దుల్లో మార్టినీ-హెన్రీ తుపాకులు వేలల్లో జనం చేతుల్లో ఉన్నాయి. మార్టినీ గుండూ, వేట రైఫిల్ గుండూ దాదాపు ఒకే లావు. వేట తూటాలోంచి గుండు ఊడబెరికి మార్టినీ గుల్లలో పెట్టుకుంటే? ఈ అనుమానంతోనే 1907లో భారత్, సూడాన్ దేశాలకు .450 బోరు దిగుమతిని నిషేధించారు. లండన్ కంపెనీలు లబోదిబోమన్నాయి. ఆ తర్వాత .465, .470, .475, .476 అంటూ వరసగా కొత్త బోర్లు పుట్టుకొచ్చాయి. ప్రపంచ వేట తుపాకుల చరిత్రలో అన్ని వింత అంకెలు చేరడానికి మూలం మన దేశంలో పుట్టిన భయమే!

పోలీసుల తుపాకుల విషయంలోనూ అదే జాగ్రత్త. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లను కొన్నింటిని .410 బోరు మస్కెట్లుగా మార్చి పోలీసులకు, జైలు కాపలావాళ్లకు ఇచ్చారు. గొట్టం లోపలి గాడులు తీసేశారు, ఒక్కో తూటా పెట్టి పేల్చుకునేలా చేశారు. సొంత పోలీసు మీద కూడా సర్కారుకు నమ్మకం అంతంత మాత్రమే.

పోలీసు తుపాకీ జనం మీదికి తిరగడం మన పల్నాడూ చూసింది. 1922 ఫిబ్రవరిలో ఇక్కడి మించాలపాడులో, పుల్లరి పన్ను కట్టనన్న కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఆనాడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. రెండేళ్ల తర్వాత మన్యం తిరుగుబాటును అణచడానికి స్పెషల్ కమిషనర్‌గా పంపింది కూడా ఈయననే.

ఆ మన్యం పోరాటం మొదలైన తీరు చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మూడింటిలో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు దొరికాయి. అంటే తుపాకీకి సుమారు వంద తూటాలు. ఏళ్ల తరబడి సాగాల్సిన పోరాటానికి అవి ఏ మూలకు? కొండల్లో తూటా ఫ్యాక్టరీ లేదు, కొనడానికి బజారు లేదు. దెబ్బ తిన్న సర్కారు జాగ్రత్త పడింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్లిన దళానికి ఆయుధాలు దొరకలేదు. రాజుగారి వీరత్వం గురించి చెప్పుకున్నంతగా ఈ తూటాల లెక్క గురించి మనం చెప్పుకోలేదు. ఆ లెక్క తెలిస్తేనే 1924 మే 7 దాకా ఆయన నిలబడటం ఎంత గొప్పో అర్థమవుతుంది.

తుపాకీతో పాటు తూటాలూ ఉండాలన్న కిటుకు కలకత్తా విప్లవకారులు ముందే గ్రహించారు. 1914 ఆగస్టు 26న రోడా కంపెనీ ఆయుధాల సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లతో పాటు 46,000 తూటాలు కూడా ఎత్తుకెళ్లారు. తూటాలు లేకుండా పిస్తోళ్లే తెచ్చుకుని ఉంటే అవి వాళ్లకు ఎందుకూ కొరగాకపోయేవి. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు మొదట్లో అక్కరకొచ్చింది భర్మార్. మూతి నుంచి మందు, సీసపు గుండ్లు కూరే ఆ నాటు తుపాకీకి ఇత్తడి గుల్లతో పనే లేదు. కాబట్టి ఏ బోరు నిషేధమూ దాన్ని ఆపలేకపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959 చట్టం వచ్చింది గానీ బోరు కట్టడి పోలేదు. త్రీనాట్‌త్రీ, 9 ఎంఎం, .38, .455 సామాన్యులకు నిషిద్ధం. అందుకే లైసెన్సుదారుల దగ్గర .315 రైఫిలో, .32 రివాల్వరో కనబడుతుంది. ఆ .315 తూటా నిజానికి పాతకాలపు ఆస్ట్రియా సైన్యం వాడిన మాన్‌లిషర్‌ది.

పల్నాడులో ఏ పాత ఇంటి అటక మీదైనా తాతగారి పిస్తోలు, నాలుగు ఖాళీ గుల్లలు ఉంటే వాటిని నింపించే ప్రయత్నం చేయకండి. లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం. పైగా పాతకాలపు నల్లటి తుపాకీ మందుకు చేసిన గొట్టంలో నేటి మందు పడితే అది చేతిలోనే పేలిపోవచ్చు. లైసెన్సుదారు పోయాక వారసులు ఆ ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. అలా అప్పగించేటప్పుడు దాని బోరు, కంపెనీ పేరు, మీద చెక్కిన సంవత్సరం, అది ఇంటికి ఎలా వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. మన జిల్లా చరిత్ర రాసేవాళ్లకు అది పనికొస్తుంది.