పాఠాంతరం

‘అంతరం’ అంటే ఎడం, తేడా అనుకుంటాం. పాఠాంతరంలో మాత్రం దాని అర్థం ‘మరొకటి’. దేశాంతరం మరో దేశమైనట్టే పాఠాంతరం మరో పాఠం. తప్పొప్పుల తీర్పు ముందే చెప్పదు, అందుకే ఈ మాటంటే నాకు గౌరవం. సి.పి.బ్రౌన్ ఒక్కో కావ్యానికి అనేక ప్రతులు సేకరించి పండితుల చేత పోల్చి చూపించింది ఈ పాఠాంతరాలు తేల్చడానికే.

హెపటైటిస్ బి వైరస్‌కు ఈ మాట బాగా అతుకుతుంది. మ్యుటేషన్‌కు మనం పెట్టుకున్న ‘ఉత్పరివర్తన’ మార్పును చెబుతుంది గానీ, పక్కపక్కన నిలిచిన ప్రతులను చూపించదు. ఈ వైరస్ జన్యుపాఠం సుమారు 3,200 అక్షరాలు. దాన్ని నకలు రాసే పాలిమరేజ్ ఎంజైముకు రాసింది సరిచూసుకునే గుణం లేదు. అందుకే ఎ నుంచి జె దాకా జీనోటైపులు, అంటే జన్యుపాఠ భేదాలు, ఏర్పడ్డాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించేవి డి, ఎ.

ఈ వైరస్ మీద ప్రయోగించి చూస్తున్న, జన్యువు నోరు నొక్కే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందు ఇరవై పైచిలుకు అక్షరాల తునక. వైరస్ ఆర్‌ఎన్‌ఏలో తన జతను పట్టుకుంటే, కణంలోని ప్రొటీనే ఆ ఆర్‌ఎన్‌ఏను కోసేస్తుంది. నడిమి అక్షరం జత కుదరకపోతే చాలాసార్లు కోత పడదు. కాబట్టి ప్రతులన్నిటా ఒకేలా ఉన్న చోటు వెతకాలి. అలాంటి చోట్లు దొరకడానికి వైరస్ పొదుపే ఒక కారణం: ఉపరితల ప్రొటీన్ జన్యువు మొత్తం పాలిమరేజ్ జన్యువులోనే ఇమిడి ఉంది. అక్షరాలు అవే, విరుపు వేరు. మన ఆలంకారికుల సభంగశ్లేష అచ్చంగా ఇదే. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒక్క అక్షరం మారినా రామకథా భారతకథా రెండూ చెడవచ్చు, ఇక్కడా అంతే, చాలా పాఠాంతరాలు బతకవు.

అయినా ఏఆర్‌సీ-520 అనే ఇలాంటి మందుకు దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. రోగుల్లోనూ చింపాంజీల్లోనూ చేసిన పరిశీలన 2017లో వెలువడింది. రక్తంలో ఇ-యాంటిజెన్ అనే వైరస్ ప్రొటీన్ లేనివారిలో ఉపరితల యాంటిజెన్, అంటే ఆ ఉపరితల ప్రొటీనే, అనుకున్నంత తగ్గలేదు. వారి కాలేయ కణాల క్రోమోజోముల్లో వైరస్ డీఎన్‌ఏ తునకలు అతుక్కుపోయి, యాంటిజెన్‌లో ఎక్కువ భాగం వాటినుంచే తయారవుతోంది. మందు గురిపెట్టిన చోటు ఆ తునకల్లో ఊడిపోయి ఉంది. పాఠం మారలేదు, రాలిపోయింది. తాళపత్రం విరిగో పురుగు తినో అక్షరాలు పోతే పరిష్కర్తలు ‘గ్రంథపాతం’ అని గుర్తు పెడతారు. పాఠాంతరాన్ని ముందే లెక్కలోకి తీసుకుని మందు రాయవచ్చు. గ్రంథపాతం ఉన్నచోట అక్షరాలు ఎంత దిద్దినా లాభం లేదు, గురినే మార్చాలి.

తర్వాత వచ్చిన జేఎన్‌జే-3989లో రెండు ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు పెట్టారు. ఒకటి వైరస్‌లోని ఎక్స్ జన్యువు మీదికి. రెండోది ఉపరితల ప్రొటీన్‌ను తయారు చేసే ఎస్ జన్యువు మీదికి, అంటే అతుక్కున్న తునకలు యాంటిజెన్ తయారు చేయాలంటే తప్పక మిగిలి ఉండవలసిన భాగం మీదికి.