పాత కారుకు ఇంట్లోనే మరమ్మతు: అనంతలో ముందు చూడాల్సింది నీళ్లు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ పాత కారు బాడీకి సముద్ర తీరంలో పట్టినంత తుప్పు పట్టదు. దెబ్బతినేది ఇంజినే. ఎండ, దుమ్ము ఒక కారణమైతే, బోరునీళ్లు ఇంకో కారణం.

బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తూ పోతే వేడికి లోపల తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది. సన్నని గొట్టాలు మూసుకుపోయి ఇంజిన్ హీటెక్కుతుంది. అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడమే మందు. ఇంజిన్ వేడి మీద ఉండగా మాత్రం రేడియేటర్ మూత తీయొద్దు. మరిగే నీళ్లు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలతాయి.

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. వీటిలో కార్బ్యురేటర్ ఉన్న పాత మోడళ్లకు కంప్యూటర్ స్కానర్ అక్కర్లేదు. పానాల సెట్టు, ఓపిక ఉంటే ప్లగ్గులు, ఫిల్టర్లు, బెల్టులు ఇంటి షెడ్డులోనే మార్చుకోవచ్చు. దుమ్ము ఎక్కువ కాబట్టి ఎయిర్ ఫిల్టర్‌ను తరచూ చూసుకోవాలి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకూడదు. చక్రాలకు అడ్డం పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపాలి.

సొంత కారుకు 15 ఏళ్లు నిండితే తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అది 5 ఏళ్లు చెల్లుతుంది.