కుక్కల చర్మంపై పరాన్నజీవులు: గుర్తించే విధానం

పొలానికి, గొర్రెల మందకు, పెరటి కోళ్లకు కాపలా కాసే కుక్క అదే పనిగా గోక్కుంటుంటే చాలామంది "గజ్జి పట్టింది" అని తేల్చేస్తారు. చేతికందిన పురుగుమందో, వాడేసిన ఇంజన్ ఆయిలో పూస్తారు. నిజానికి గోకుడుకు కారణమయ్యే పరాన్నజీవులు నాలుగైదు రకాలు. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయకపోవచ్చు. అందుకే ముందు ఏ పురుగో గుర్తించాలి.

ఎలా చూడాలి?

కుక్కను మంచి వెలుతురులో పడుకోబెట్టి, వెంట్రుకలను ఎదురు దువ్వుతూ చర్మాన్ని చూడాలి. చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల మధ్య, చంకలు, గజ్జలు, తోక మొదలు తప్పనిసరిగా పరిశీలించాలి.

1. పిడుదులు (గోమార్లు)

చర్మానికి గట్టిగా అతుక్కుని కదలకుండా ఉంటాయి. రక్తం తాగనివి నువ్వుగింజంత గోధుమ రంగులో ఉంటాయి. రక్తం తాగిన ఆడ పిడుదు ఉబ్బి బూడిద రంగు ఆముదం గింజలా కనిపిస్తుంది. చెవుల్లో, కాలివేళ్ల మధ్య ఎక్కువగా ఉంటాయి. వీటి వల్ల రక్తంలో వచ్చే జబ్బులు ప్రాణాంతకం. జ్వరం, మేత మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం కాఫీ రంగులో రావడం కనిపిస్తే ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.

2. ఫ్లీలు (దూకే పురుగులు)

2-3 మిల్లీమీటర్ల ముదురు గోధుమ రంగు పురుగులు. రెక్కలు ఉండవు. వెంట్రుకల మధ్య వేగంగా పరుగెత్తి దూకుతాయి. నడుము, తోక మొదట్లో గోకుడు ఎక్కువ. పురుగు దొరక్కపోతే ఆ చోట దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి తెల్లగుడ్డపై వేయాలి. చుట్టూ ఎర్రటి మరక వస్తే అవి ఫ్లీల రెట్టలే. వీటిని మింగిన కుక్కకు బద్దె పురుగులు కూడా రావచ్చు.

3. పేలు

నెమ్మదిగా కదులుతాయి, దూకవు. తెల్లటి ఈపులు వెంట్రుకలకు అంటుకుని ఉంటాయి. చుండ్రు దులిపితే రాలుతుంది, ఈపులు రాలవు.

4. గజ్జి

గజ్జి పురుగు కంటికి కనిపించదు. చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింద వెంట్రుకలు ఊడి, చర్మం మందమై పొక్కులు కడుతుంది. కుక్క రాత్రింబవళ్లు గోక్కుంటుంది. దాన్ని ముట్టుకున్న ఇంటివాళ్లకూ దురద దద్దుర్లు రావచ్చు. చిన్న వయసు కుక్కలకు కళ్ల చుట్టూ, మూతి, ముందుకాళ్లపై వెంట్రుకలు ఊడి దురద అంతగా లేకపోతే అది డెమోడెక్స్ రకం గజ్జి కావచ్చు. ఇది మనుషులకు అంటదు. ఏ రకమో తేలాలంటే పశువైద్యశాలలో చర్మాన్ని గీకి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే.

5. చెవి పురుగులు

చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి గుబిలి, తల విదిలించడం దీని లక్షణాలు.

చేయకూడనివి

పంటలకు కొట్టే పురుగుమందులను కుక్కకు ఎట్టి పరిస్థితుల్లోనూ పూయరాదు. మందు చర్మం ద్వారా లోపలికి వెళుతుంది, నాకడం వల్ల కడుపులోకీ చేరుతుంది. నోట చొంగ, వణుకు, మూర్ఛ వచ్చి గంటల్లోనే చనిపోవచ్చు. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కూడా ప్రమాదమే. పశువులకు మిగిలిన ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్‌ను సొంతంగా వేయరాదు. పొరపాటున పురుగుమందు పూసి ఉంటే, చేతికి తొడుగు వేసుకుని వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, మందు సీసాతో సహా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

చేయాల్సినవి

* పిడుదును పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా నేరుగా లాగాలి. వేళ్లతో నలపకుండా స్పిరిట్‌లో వేయాలి.
* రక్తం తాగిన పిడుదు కిందకు రాలి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు మందు వేస్తే సరిపోదు. కట్టేసే చోట పగుళ్లు పూడ్చాలి.
* ఫ్లీలు ఉంటే పడుకునే గోనె సంచులను మరిగే నీటిలో వేసి ఎండలో ఆరబెట్టాలి.
* ఇంట్లోని కుక్కలన్నింటికీ ఒకేసారి చికిత్స చేయించాలి. గుడ్ల నుంచి మళ్లీ పురుగులు వస్తాయి కనుక, డాక్టరు చెప్పిన గడువుకు రెండో విడత మందు మానకూడదు.
* బరువు, వయసు, చూలు, పాలిచ్చే స్థితి డాక్టరుకు తప్పక చెప్పాలి.

పశువైద్యశాల దూరమైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులు 1962 నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.